సీటు మార్చాలా, హెడ్డు కాపాడాలా?

పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజనును ఎక్కడ విప్పినా, పని సగానికి వచ్చేసరికి ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. అప్పటికి బోరు కొలిచి ఉంటారు, క్రాంకు చూసి ఉంటారు, బేరింగులు పక్కన పెట్టి ఉంటారు. హెడ్డు బల్ల మీద వెల్లకిలా పడి ఉంటుంది. నాలుగు ఎగ్జాస్టు వాల్వులు కూర్చునే చోట నల్లటి వలయాలు, వాటి నిండా సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఈ సీట్లను ఉన్న ఇనుములోనే మళ్ళీ కోసి నడిపించాలా, లేక ఆ ఇనుము తొలిచి గట్టి లోహపు రింగులు దింపాలా? పూర్వపక్షం పూర్తిగా వినకుండా సిద్ధాంతం చెప్పడం మన వాద సంప్రదాయంలో మర్యాద కాదు. అందుకే ఇక్కడ రెండు గొంతులు పెట్టాను. ఒకటి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట హెడ్ల పనిలో చెయ్యి తిరిగిన మేస్త్రిది. రెండోది పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠం చెప్పి రిటైరైన మాస్టారిది. మనుషులిద్దరూ కల్పితం. వాళ్ళు తూకం వేసే ఇనుమూ వేడీ కొలతలూ కల్పితం కావు.

మేస్త్రి: మొదటి మాట నన్ను చెప్పనివ్వండి మాస్టారూ. జబ్బు లేని ఒంటి మీద కత్తి పెట్టకూడదు. ఇది బీఎంసీ బి-సిరీస్ ఇంజను, 1489 సీసీ. 1959లో అంబాసిడర్‌లోకి వచ్చింది. హెడ్డు మొత్తం ఒకే ముక్క పోత ఇనుము. సీట్లు తెచ్చి పెట్టినవి కావు, ఆ ఇనుములోనే కోసినవి. సీటూ హెడ్డూ ఒకే ముక్క అయినప్పుడు వదులయ్యేదీ లేదు, ఊడిపడేదీ లేదు. మీరేమో అందులో గుండ్రంగా గొయ్యి తొలిచి వేరే లోహం బిగించమంటారు. ఆ గొయ్యి అడుగున ఎంత ఇనుము మిగిలిందో పైకి కనబడదు, దాని వెనకే నీళ్ళ జాకెట్టు ఉంటుంది. పోత పోసిన రోజున లోపలి ఇసుక దిమ్మ కాస్త పక్కకు జరిగి ఉంటే ఒకవైపు గోడ మందం, ఇంకోవైపు పలచన. పైగా ఈ హెడ్డులో మధ్య రెండు సిలిండర్ల ఎగ్జాస్టులూ ఒకే దారిలోకి వదులుతాయి. వేడి అంతా అక్కడే పోగవుతుంది. వాల్వుకీ వాల్వుకీ మధ్య ఉండే ఇనుప వంతెన సన్నం, చీలిక వస్తే ముందు అక్కడే వస్తుంది. అలాంటి చోట నాలుగు గోతులు తవ్వి బలపరిచామని చెప్పుకోవడం నాకు మింగుడు పడదు. సీటు శుభ్రంగా కోసి, పేస్టు రాసి వాల్వు రుబ్బితే సరిపోయే పనికి ఇంత సాహసం ఎందుకు?

మాస్టారు: గోడ మందం గురించి మీరన్నది కాదనను మేస్త్రీ, దాని దగ్గరికి మళ్ళీ వద్దాం. ముందు ఆ ఇనుప సీటు అన్నేళ్ళు ఎందుకు నిలిచిందో చూడాలి. అది ఇనుము గొప్పతనం కాదు, పెట్రోల్ చలవ. 1921 చివర్లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్లీ, పెట్రోల్‌లో టెట్రాఇథైల్ లెడ్ కాస్త కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుక్కున్నాడు. 1923లో అది బంకుల్లోకి వచ్చింది. సీట్ల కోసం ఎవరూ కలపలేదు. కానీ మండగా మిగిలిన సీసపు సమ్మేళనాలు ఎగ్జాస్టు సీటు మీద పలచని పొరగా పేరుకునేవి. పెనానికి నూనె రాస్తే అట్టు అంటుకోనట్టు, ఆ పొర ఉన్నంతకాలం వాల్వు లోహం సీటు లోహానికి అంటుకునేది కాదు. అడగకుండా దొరికిన ఆ రక్షణను నమ్ముకునే మెత్తని ఇనుప సీట్లతో తరాల కొద్దీ ఇంజన్లు తయారయ్యాయి. మన దేశంలో 1995 ఏప్రిల్ 1న నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం పెట్రోల్ ఆగిపోయింది. పిల్లల మెదళ్ళను దెబ్బతీసే విషం పోయింది, దానికి ఎవరూ బాధపడక్కర్లేదు. కానీ దాని నీడన బతికిన సీటుకు ఆధారం కూడా అప్పుడే పోయింది. జనరల్ మోటార్స్‌నే చూడండి, సీసం లేని పెట్రోల్ రాబోతోందని 1971 మోడళ్ళ నుంచే ఎగ్జాస్టు సీట్లను కరెంటు చుట్టతో వేడిచేసి పైపొరను గట్టిపరచడం మొదలుపెట్టింది. సీసాన్ని తెచ్చిన కంపెనీయే అది లేకపోతే సీటు నిలవదని ఒప్పుకున్నట్టు కాదా?

మేస్త్రి: ఒప్పుకుంది సరే, అది అమెరికా వేగాలకు పుట్టిన జాగ్రత్త. మన దగ్గర సీసం ఆగి పాతికేళ్ళు దాటింది. ఊళ్ళో తిరిగే పాత బండ్ల హెడ్లు విప్పితే చాలావాటిలో సీటు దిగబడిన జాడే ఉండదు. ఉన్న అరుగుదల కూడా గైడు అరిగి వాల్వు ఊగడం వల్లా, ట్యాపెట్ గ్యాపు సరిగ్గా పెట్టకపోవడం వల్లా వచ్చిందే. అమెరికాలోనే 1980ల్లో వ్యవసాయ ఇంజన్లను సీసం లేని పెట్రోల్ మీద నడిపి పరీక్షించినప్పుడు, తేలిక పని చేసినవాటికి పెద్ద నష్టం రాలేదని తేలిందని మీరే పాఠాల్లో చెప్పేవారట. అలాంటప్పుడు ఆదివారం పూట గుడికో పెళ్ళికో వెళ్ళొచ్చే బండికి ఈ వైద్యం దేనికి? పాతికేళ్ళ అనుభవం సాక్ష్యం కాదా?

మాస్టారు: సాక్ష్యమే. అయితే అది దేనికి సాక్ష్యమో చూడాలి. అవే పరీక్షల్లో, ఎక్కువ వేగంతో బరువు మీద ఏకధాటిగా నడిపిన మెత్తని సీట్ల ఇంజన్లు త్వరత్వరగా దిగబడ్డాయి. రెండు ఫలితాలనూ కలిపి చదివితే తేలేది ఒకటే. దిగబడటమనేది కిలోమీటర్ల లెక్క కాదు, వేడికీ వేగానికీ సంబంధించిన లెక్క. బాగా పనిచేసే ఎగ్జాస్టు వాల్వు తల 700 నుంచి 800 డిగ్రీల వేడిలో ఉంటుంది. స్ప్రింగు దాన్ని సీటు మీదికి కొడుతుంది. ఆ వేడిలో రెండు లోహాల మిట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాల్వు లేచేటప్పుడు సీటు నుంచి రవ్వంత ఇనుము పీక్కుని వస్తుంది. ఆ రవ్వ ఆక్సీకరణం చెంది గట్టి గరుకై వాల్వు ముఖానికి పట్టుకుంటుంది. అప్పటి నుంచి వాల్వు మూత కాదు, ఆకురాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు, గంటకు 90,000 సార్లు మూసుకుంటుంది. ఈ బండి గంటకు 80 కిలోమీటర్లు పోతుంటే ఇంజను 3,000 దాటే తిరుగుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా ఆ ఊపులో వెళితే ఒక్కో సీటు 3 లక్షల దెబ్బలు తింటుంది, అవీ వేడి తగ్గకుండా వరసగా. ఊళ్ళో తిరిగే బండికి అంత వేడే ఎక్కదు కాబట్టి మీరు చూసిన హెడ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ సాక్ష్యం ఊరి పొలిమేర దాకానే చెల్లుతుంది. 1959లో గంటకు 80 అంటే ఎప్పుడో ఒకసారి పోయే వేగం. ఇవాళ నాలుగు వరసల రోడ్డు మీద అంతకంటే నెమ్మదిగా వెళితే వెనకనున్న లారీ ఊరుకోదు.

ఇంకో సంగతి మీ పనిలోనే దాగి ఉంది. వేల గంటలు కొట్టించుకున్న పాత సీటు పైపొర బిగిసి, కాస్త గట్టిపడి ఉంటుంది. సీసం రోజుల పొర ఏ మూలనైనా మిగిలి ఉన్నా అక్కడే ఉంటుంది. మీరు సీటు కోసిన క్షణాన రెండూ పోతాయి, అడుగున పచ్చి ఇనుము బయటపడుతుంది. విప్పకముందు బాగానే నడిచిన సీటు రీబిల్డు తర్వాత కూడా అలాగే నడుస్తుందని చెప్పలేం. అందుకే ఇంజను విప్పని బండిలో ఈ ప్రశ్నను ఆపి ఉంచవచ్చు గానీ, సీటు మీద కట్టరు పెట్టబోయే రోజున ఆపలేం.

మేస్త్రి: సరే, పచ్చి ఇనుము అరుగుతుందనే అనుకుందాం. అరుగుతున్నది తెలియకుండా ఉండదు కదా. తెలిశాకే రింగు వేసుకోవచ్చు. రోగం బయటపడకముందే ఆపరేషను ఎందుకు?

మాస్టారు: ఈ రోగం లక్షణమే తిరకాసు, అదీ చిక్కు. మామూలు అరుగుదల ఏదైనా చప్పుడు పెంచుతుంది. రాకరు అరిగినా, క్యాము అరిగినా ట్యాపెట్ గ్యాపు పెరిగి టకటక వినిపిస్తుంది. సీటు దిగబడితే అంతా తలకిందులు. వాల్వు పైకి జరుగుతుంది, దాని కాడ రాకరుకు దగ్గరవుతుంది, గ్యాపు తగ్గుతుంది, చప్పుడు పోతుంది. బండిగల ఆసామి ఇంజను నున్నగా నడుస్తోందని మురిసిపోతాడు. ఈ ఇంజనుకు వదిలే గ్యాపు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటరు. సీటు అంతే దిగబడితే గ్యాపు సున్నా. అక్కడి నుంచి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్టు వాల్వు నాలుగు స్ట్రోకుల కాలంలో మూడింట రెండొంతులు సీటు మీద కూర్చునే ఉంటుంది. తల మీది వేడిలో దాదాపు ముప్పావు వంతు ఆ కూర్చున్న సమయంలోనే సీటులోకి దిగిపోవాలి. కూర్చోకపోతే వేడి పోయే దారి ఉండదు, సందులోంచి మంట ఊదుతుంది, వాల్వు అంచు కాలి ముక్క లేచిపోతుంది. కాబట్టి తెలిశాక చూసుకుందాం అనాలంటే ఫీలర్ గేజి పట్టుకుని క్రమం తప్పకుండా కొలిచి రాసుకునే అలవాటు ఉండాలి. ఉన్నవాళ్ళు నిజంగానే ఆగవచ్చు. లేనివాళ్ళకు తెలిసేసరికి వాల్వు కాలిపోయి ఉంటుంది.

మేస్త్రి: వేడి మాట మీరే ఎత్తారు కాబట్టి నా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. వేడి సీటులోకి దిగాలన్నారు. ఒకే ముక్క ఇనుములో సీటు నుంచి నీళ్ళ జాకెట్టు దాకా అడ్డం లేదు. రింగు పెడితే మధ్యలో అతుకు వస్తుంది. రింగు అడుగు గొయ్యి అడుగును పూర్తిగా తాకకపోతే ఆ వెంట్రుకవాసి ఖాళీయే వేడికి గోడ. దానికి తోడు మీ గట్టి లోహాలు వేడిని మోయడంలో సోమరులు. బిగుతు తక్కువైతే రింగు వేడికి సాగి, చల్లారి, నలిగి ఒక రోజు గొయ్యిలోంచి లేస్తుంది. వాల్వు కింద రింగు ముక్క పడితే పిస్టనూ హెడ్డూ రెండూ పోతాయి. దిగబడిన సీటు బండిని నెమ్మదిస్తుంది, ఊడిన రింగు బండిని చంపుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ ఇదే కదండీ!

మాస్టారు: ఇంతవరకు మీరు చెప్పినవాటిలో అన్నిటికంటే బరువైన మాట ఇదే మేస్త్రీ, దీన్ని తోసిపారేస్తే నా వాదం నిలవదు. లోహాల సంగతి నిజమే. మామూలు పోత ఇనుము వేడిని మోసే శక్తిలో క్రోమియం, కోబాల్టు ఎక్కువున్న మిశ్రమాలది సగం కూడా ఉండదు. అందుకని అంగట్లో దొరికే అతి గట్టి రింగే మంచి రింగు అనుకోవడం తప్పు. ఈ ఇంజనుకు కావలసింది రేసు కార్ల సరంజామా కాదు. మిశ్రమ పోత ఇనుము రింగో, ఇనుప పొడిని ఒత్తి కాల్చి చేసిన రింగో చాలు. పాత ఇనుము కాఠిన్యం 200 బ్రినెల్ అటూ ఇటూ ఉంటుంది. దానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఉన్నా అతుక్కుని పీక్కునే ఆట కట్టవుతుంది. మిగిలిన పని కూర్పుది. అంటే మీది.

కూర్పుకు లెక్క ఉంది, చూద్దాం. బయటి వ్యాసం 35 మిల్లీమీటర్లున్న రింగు అనుకోండి. పోత ఇనుప హెడ్డులో దాన్ని 4 నుంచి 5 థౌ బిగుతుతో, అంటే గొయ్యి కంటే దాదాపు 0.10 నుంచి 0.13 మిల్లీమీటరు పెద్దగా ఉండేలా కూర్చాలి. ఇంటి ఫ్రిజ్ ఫ్రీజరులో రాత్రంతా పెడితే ఆ రింగు తగ్గేది 0.02 కూడా కాదు. ద్రవ నత్రజనిలో ముంచితే 0.06 నుంచి 0.08 దాకా తగ్గుతుంది. హెడ్డును 100 డిగ్రీలకు సమంగా వేడిచేస్తే గొయ్యి ఇంకో 0.03 దాకా తెరుచుకుంటుంది. రెండూ చేస్తేనే రింగు దాదాపు తనంతట తాను జారి, అడుగును తాకి కూర్చుంటుంది. ఫ్రీజరులో పెట్టి సుత్తితో దిగ్గొట్టే పద్ధతిలో రింగు ఇనుమును గీరుకుంటూ దిగుతుంది, ఆ గీరుడులో బిగుతు సగం పోతుంది, ఊడిన రవ్వ అడుగున ఇరుక్కుని రింగును ఎత్తిపెడుతుంది. మీరు చెప్పిన వేడిగోడ అక్కడే పుడుతుంది. రింగులు ఊడటం నిజం. కానీ ఊడింది రింగు అనే ఆలోచన వల్ల కాదు, మిల్లీమీటరులో వందో వంతుల దగ్గర చేసిన అశ్రద్ధ వల్ల.

మేస్త్రి: అంత శ్రద్ధ ప్రతి షాపులోనూ దొరకదు కాబట్టే శ్రద్ధ అక్కర్లేని దారి ఉందా అని అడుగుతున్నాను. సీసం బదులు పెట్రోల్‌లో కలిపే మందులు ఉన్నాయి. ట్యాంకులో ఇంత పోస్తే సీటు మీద పొర ఏర్పడుతుంది, హెడ్డును ముట్టుకునే పనే లేదు. అది పనిచేసేదైతే గోతులూ రింగులూ దేనికి?

మాస్టారు: పనిచేస్తుంది. ఉత్తుత్తి మందులూ ఉన్నాయి, నిజమైనవీ ఉన్నాయి. బ్రిటన్‌లో సీసం పెట్రోల్ ఆగబోయే ముందు, 1999లో అక్కడి పాత వాహనాల క్లబ్బుల సమాఖ్య మీరా పరీక్షా కేంద్రంలో ఇలాంటి మందులను ఇంజను మీద పెట్టి చూసింది. వాడింది బీఎంసీ ఏ-సిరీస్ ఇంజను, అంటే మన బి-సిరీస్‌కు తోబుట్టువే. కొన్ని మందులు సీటు దిగబడకుండా ఆపి గట్టెక్కాయి. వాటిలో పనిచేసే పదార్థం ఒక్కోదానిలో ఒక్కోటి, భాస్వరం, సోడియం, పొటాషియం, మాంగనీసు. ఒక జాతి మందు వాడుతూ ఇంకో జాతిది కలపకూడదు. కాబట్టి ఎన్నడూ విప్పని మంచి హెడ్డు ఉన్న బండికి మందే సరైన దారి, అందులో నాకు పేచీ లేదు. కానీ మనం మాట్లాడుతున్నది విప్పిన హెడ్డు గురించి. మందు రక్షణ ప్రతి ట్యాంకుకూ కొత్తగా కొనుక్కోవాలి. మరిచిన రోజున లేదు, దొరకని ఊళ్ళో లేదు, బండి చేతులు మారితే కొత్త ఆసామికి ఆ సంగతే తెలియదు. రింగు రక్షణ ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడదు. హెడ్డు ఎలాగూ బల్ల మీద ఉన్న రోజున, కలకాలం మందు పోసే దారిని ఎంచుకోవడం పొదుపు కాదు.

ఇంధనం కూడా మనకు అనుకూలంగా మారడం లేదు. ఎల్పీజీ, సీఎన్‌జీ కిట్లు పెట్టిన బండ్లలో సీటు మీద పొర కట్టేది ఏదీ లేదు, చుక్కల రూపంలో లోపలికి వచ్చి చల్లబరిచే ద్రవమూ లేదు. అక్కడ మెత్తని సీటు పెట్రోల్ మీదకంటే త్వరగా లొంగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ నేరుగా సీటును తినదు. కానీ అందులో బరువు లెక్కన దాదాపు 7 శాతం ఆక్సిజన్ ఉంటుంది. పాత కార్బురేటరుకు ఆ సంగతి తెలిసే సెన్సరు లేదు. జెట్టు మార్చకపోతే మిశ్రమం ఆ మేరకు పలచబడి ఎగ్జాస్టు వేడి పెరగవచ్చు. గట్టి సీటు వేసి జెట్టును వదిలేయడం, పైకప్పు బాగుచేసి కిటికీ తెరిచిపెట్టడం లాంటిది.

మేస్త్రి: ఇంత చెప్పారు కాబట్టి, ఇక ఎనిమిది వాల్వులకూ రింగులు వేయమంటారు. ఎగ్జాస్టుకు మంచిదైంది ఇన్‌లెట్‌కు చెడ్డదవుతుందా?

మాస్టారు: నేను ఎనిమిది అనలేదు, నాలుగే. మంచిదైన ప్రతిదీ రెట్టింపు చేస్తే మరింత మంచిదవుతుందనే వాదం ఇనుము దగ్గర చెల్లదు. ఇన్‌లెట్ వాల్వును ప్రతిసారీ చల్లటి గాలీ పెట్రోలూ కడిగి పోతుంటాయి. అది ఎగ్జాస్టు వేడికి దరిదాపుల్లోకి రాదు, అతుక్కుని పీక్కునే ఆట అక్కడ మొదలే కాదు. అవసరం లేని చోట ఇంకో నాలుగు గోతులు తవ్వితే మీరు మొదట్లో చూపించిన ఆ సన్నటి వంతెనే ఇంకా సన్నబడుతుంది. ఇన్‌లెట్ సీటు మరీ పోయి, కోయడానికి ఇనుము మిగలకపోతే అది వేరే సంగతి. రింగొక్కటే మార్చి పాత ఎగ్జాస్టు వాల్వును అలాగే ఉంచడం కూడా సగం పని. గట్టి సీటు మీద మెత్తని వాల్వు పెడితే అరుగుదల ఆగదు, సీటు నుంచి వాల్వు ముఖానికి మారుతుంది. 21-4ఎన్ లాంటి వేడికి ఓర్చే ఉక్కు వాల్వు జోడించాలి. అరిగిన గైడు ముందే మార్చాలి, ఎందుకంటే సీటు కోసే పనిముట్టు గైడునే కేంద్రంగా పట్టుకుంటుంది. వంకర గైడు ఆధారంగా కోసిన సీటు ఎంత గట్టిదైనా వంకరదే.

మేస్త్రి: చివరి మాట. మీ లెక్కలన్నీ సరే, ఒక్క సంగతి మాత్రం లెక్కకు లొంగదు. తవ్విన ఇనుము తిరిగి రాదు. ఈ హెడ్లు ఇప్పుడు ఎవరూ పోయడం లేదు, ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మిగిలిన హెడ్లే మిగిలాయి. పుట్టినప్పటి రూపాన్ని కాపాడటం మన బాధ్యత కాదా?

మాస్టారు: బాధ్యతే. నా సిద్ధాంతానికి అసలు బలం ఈ ప్రశ్నలోనే ఉంది. సీటు కోసిన ప్రతిసారీ తిరిగి రాని ఇనుమే పోతుంది మేస్త్రీ. ఒక్క రీబిల్డుకు కొద్దిగా, ఇంకో రీబిల్డుకు ఇంకాస్త. వాల్వు హెడ్డులోకి దిగుతూ పోతుంది, దహన గది ఘనపరిమాణం పెరుగుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది, వాల్వు కాడ పైకి లేచి రాకరు కోణం చెడుతుంది. ఆఖరికి కోయడానికి ఏమీ మిగలని రోజున హెడ్డును పాత ఇనుప సామానుకు వేస్తారు. ఒకే ముక్కలో కోసిన సీటును మనం శాశ్వతం అనుకుంటాం గానీ, అది అరిగిపోయేది, బదులు లేనిది. రింగు వేసిన రోజున హెడ్డు ఒకసారి, కొలిచిన మేర, ఇనుము పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత అరిగేది రింగు. పాతది తీసి కొత్తది వేయవచ్చు, హెడ్డు మిగులుతుంది. అల్యూమినియం హెడ్డు ఉన్న ప్రీమియర్ పద్మినీకి ఈ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది, అల్యూమినియం నేరుగా సీటుగా నిలవదు కాబట్టి. అయితే రింగు ఉన్నంత మాత్రాన అది గట్టి రింగే అనుకోకూడదు, పాత రింగు మెత్తని ఇనుమే అయి ఉండవచ్చు. అందుకే నేను దీన్ని సీటును గట్టిపరచడం అనను. హెడ్డులో కలిసిపోయిన భాగాన్ని విడిభాగంగా మార్చడం అంటాను. గట్టిదనం దాంతోపాటు వచ్చే లాభం. అపురూపమైన హెడ్డును కాపాడాలంటే అరిగే పనిని దాని ఒంటి మీద నుంచి తప్పించాలి.

మేస్త్రి: ఈ మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు గానీ, షరతులున్నాయి. ముందు హెడ్డుకు పగుళ్ళ పరీక్ష, నీళ్ళ ప్రెషరు పరీక్ష. వంతెన దగ్గర చీలిక ఉంటే రింగు మాటే వద్దు. తర్వాత గోడ మందం చూడాలి. రింగు లోతు 5, 6 మిల్లీమీటర్లు కావాలి, అంత తవ్వాక అడుగున నమ్మదగిన ఇనుము మిగలకపోతే ఆ హెడ్డులో సీటు మాత్రం కోసి వదిలేయాలి, దానికి మీరు చెప్పిన మందే గతి. సీటు ఆరోగ్యంగా ఉండి, పేస్టుతోనే శుభ్రపడి, బండి ఊరు దాటదని తెలిస్తే ముట్టుకోను. సీటు మీద కట్టరు పెట్టక తప్పని హెడ్డుకీ, రోడ్డెక్కే బండికీ, గ్యాసు పెట్టిన బండికీ నాలుగు ఎగ్జాస్టు రింగులు వేస్తాను. గొయ్యి వ్యాసం కొలిచి, రింగు వ్యాసం కొలిచి, తేడా కాగితం మీద రాశాకే చల్లబరచడం.

మాస్టారు: మీ షరతులన్నీ నా సిద్ధాంతంలో భాగాలే మేస్త్రీ, నేను చెప్పడం మరిచినవి. నాది కూడా ఒకటి కలపండి. బిగించాక నాలుగు ఎగ్జాస్టు ట్యాపెట్ల గ్యాపులూ అదే కాగితం మీద తేదీ వేసి రాద్దాం. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, అయిదు వేలకు ఒకసారి కొలిచి కింద రాయాలి. ముట్టుకోకుండా వదిలేసిన హెడ్డుకు కూడా అలాగే రాయాలి. అంకె నిలబడితే మంచిది, తగ్గుతూ వస్తే ఏ వాల్వుదో ఎంతో తెలుస్తుంది.

మేస్త్రి: ఆ కాగితాన్ని కవరులో పెట్టి బండి డాష్‌బోర్డులో వేద్దాం మాస్టారూ. రేపు ఈ హెడ్డు విప్పేవాడు మీ లెక్కనీ నా అనుమానాన్నీ నమ్మనక్కర్లేదు. గేజి పెట్టి చూసుకుంటాడు.